టాన్ ఎక్స్‌కి నేను చెప్పిన జవాబు

మా ట్యూషన్ సారు పిల్లల మీద ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదు. ఆ మాట పిల్లల్ని చేర్పించడానికి వచ్చిన ప్రతి తండ్రికీ ఆయన గర్వంగా చెప్పుకునేవాడు. "ఇన్నేండ్లుగా పాఠం చెప్తా ఉండాను, ఒక్క పిల్లోణ్ణి ముట్టుకోలేదప్పా" అనేవాడు. అది నిజమే. ఆయనకు ఆ అవసరం రాలేదు. కొట్టే పనంతా మా చేతే చేయించేవాడు.

చిక్కపేటలో ఒక చీరల గోదాము మీద ఉండే గది అది. పొద్దున ఐదున్నరకు ట్యూషన్. తొంభైల్లో బెంగళూరులో సెకండ్ పీయూసీలో, అంటే ఇంటర్ రెండో ఏడాదిలో, లెక్కలు తీసుకున్న పిల్లలందరిదీ అదే బతుకు. పాలవాళ్ళతో పాటు లేచి ఎవరో ఒక సారు ఇంటి ముందు నిలబడేవాళ్ళం. మా గదిలో బెంచీలు లేవు. గోడల వెంబడి చాపలు పరిచి, ఒక వైపు మగపిల్లల్ని, ఒక వైపు ఆడపిల్లల్ని కూర్చోబెట్టేవాడు. మధ్యలో మడత కుర్చీ మీద తను. మెడకు మఫ్లర్, చేతిలో స్టీలు లోటాలో కాఫీ.

ఆయన పద్ధతి ఇది. ఒక ఫార్ములా అడుగుతాడు. మొదటివాడికి రాకపోతే నిలబడాలి, ప్రశ్న పక్కవాడికి పోతుంది. వాడికీ రాకపోతే ఆ పక్కవాడికి. చివరికి ఎవరు సరిగ్గా చెబితే వాళ్ళు లేచి, నిలబడ్డ ఒక్కొక్కరి ముక్కూ ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేత్తో చెంప మీద ఒకటి వెయ్యాలి. ముక్కు పట్టుకోవడం మొహం పక్కకు తిప్పుకోకుండా. చిన్న బళ్ళలో ఇది అందరూ చూసిందే. మీసాలు వచ్చిన పిల్లల చేత, ఓణీలు వేసుకున్న పిల్లల చేత చేయించింది మాత్రం నేను చూసినంతలో మా సారొక్కడే.

మగపిల్లల్ని మగపిల్లలు, ఆడపిల్లల్ని ఆడపిల్లలు కొట్టాలన్న మర్యాద ఒకటి పాటించేవాడు. దానికి ఒకే ఒక మినహాయింపు మా ఇంటి నుంచి వచ్చింది. మగపిల్లల వరసలో చివర మా అన్న కూర్చునేవాడు. ఆడపిల్లల వరసలో మొదట నేను కూర్చునేదాన్ని. వాడికి రాని ప్రశ్న నేరుగా నా దగ్గరికే వచ్చేది. మొదటిసారి అలా జరిగినప్పుడు నేను జవాబు చెప్పి కూర్చోబోయాను. సారు లోటా కింద పెట్టి, "మీ అన్నే కదమ్మా, పర్వాలేదు, నువ్వే కానియ్యి" అన్నాడు.

మా అన్న నాకంటే ఒక్క ఏడాది పెద్ద. ముందు సంవత్సరం మిగతా సబ్జెక్టులన్నీ గట్టెక్కి లెక్కల్లో తప్పాడు. ఆ ఒక్క పేపరు కోసం చెల్లెలితో కలిసి అదే ట్యూషన్‌కు రావలసి వచ్చింది. మా నాన్న చీరల హోల్‌సేల్ అంగడిలో తెల్ల పరుపు మీద కూర్చుని, ఊళ్ళ నుంచి వచ్చిన వ్యాపారులకు చీరలు విప్పి చూపించే పని చేసేవాడు. అంగడి యజమాని స్నేహితుడికి బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీ ఉండేది. అన్న పీయూసీ పాసైతే ట్రైనింగ్ ఇప్పించి మెషీన్ పని నేర్పిస్తానని ఆ స్నేహితుడు నాన్నకు మాటిచ్చాడు. పాస్ కాకపోతే హెల్పర్‌గా తీసుకుంటానన్నాడు. హెల్పరంటే ఇనుప రేకులు మోసి మెషీన్ దగ్గర పెట్టేవాడు. ముప్ఫై ఏళ్ళు పనిచేసినా హెల్పర్ హెల్పరే. మా ఇంట్లో లెక్కలంటే ఆ రెండు దార్ల మధ్య గోడ. నాన్న ప్రతి రోజూ అన్నం ముందు కూర్చుని ఆ సంగతి ఒకసారి గుర్తుచేసేవాడు.

నాకు ఫార్ములాలు నోటికి వచ్చేవి. అర్థమయ్యేవి అని చెప్పను, నోటికి వచ్చేవి. మా అమ్మ ఇంట్లో మెషీన్ పెట్టుకుని చీరలకు ఫాల్స్ కుట్టేది. ఆ మెషీన్ తొక్కే చప్పుడుకు సరిపెట్టుకుని సైన్ ఎ ప్లస్ బి, కాస్ ఎ ప్లస్ బి అంటూ వల్లించేదాన్ని. అమ్మ అంచు తిప్పడానికి ఆగితే నేనూ ఆగేదాన్ని. ఒక చీర అయ్యేలోపు త్రికోణమితి మొత్తం ఒక చుట్టు అయిపోయేది. ఇంటిగ్రల్స్‌కు రెండు చీరలు పట్టేవి.

మా అన్నది వేరే రకం బుర్ర. ఫార్ములా వాడికి పట్టుబడేది కాదు. ఇవాళ చెప్పింది రేపు ఉండదు. కానీ కొత్త లెక్క ముందు పెడితే దాన్ని ఎక్కడ విప్పాలో వాడికి కనబడేది. కింద ఒకటి ప్లస్ సైన్ ఎక్స్ ఉంటే, పైనా కిందా ఒకటి మైనస్ సైన్ ఎక్స్‌తో గుణించాలని నాకు పుస్తకం చెప్పాలి. వాడికి ఎవరూ చెప్పక్కరలేదు. 'ఈ' పవర్ ఎక్స్‌నీ సైన్ ఎక్స్‌నీ కలిపి ఇస్తే, రెండుసార్లు భాగాలుగా విడదీశాక మొదలుపెట్టిన ఇంటిగ్రలే మళ్ళీ ఎదురొస్తుంది. దాన్ని ఎడమ పక్కకు తెచ్చుకుంటే లెక్క అయిపోతుంది. అది చేసినప్పుడల్లా వాడి మొహం వెలిగిపోయేది. "చూడే, పోయింది పోయినట్లే తిరిగొచ్చింది" అనేవాడు. నాకు ఒళ్ళు మండేది. నాకు అందులో మూడు మార్కులు తప్ప ఏమీ కనబడేది కాదు.

ట్యూషన్‌లో సారు లెక్కలు అడగడు, ఫార్ములాలు అడుగుతాడు. అక్కడ మా అన్న రోజూ నిలబడేవాడు.

ఆ మొదటి రోజు నేను వాడి ముక్కు పట్టుకుని చెంప మీద వేళ్ళు ఆనించి తీసేశాను. సారు నవ్వాడు. "ఇదేమమ్మా, ఈగను తోలినట్ల. లే అప్పా, నీ చెల్లెలికి ఎట్ల కొట్టాలో చూపీ" అని అన్నతో అన్నాడు. ఆయన రూలు అది. మెల్లగా కొట్టినవాళ్ళకు దెబ్బ తిన్నవాళ్ళే కొట్టి నేర్పాలి. అన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కొట్టనన్లేదు, కొట్టనూ లేదు. సారు మగపిల్లల లీడర్‌ను లేపి, మాట విననందుకు వాడికి రెండు వేయించాడు. ఆ లీడర్ చెయ్యి పెద్దది. నేను జాలి చూపిస్తే వాడికి పడాల్సిన ఒక్క దెబ్బ రెండు పెద్ద దెబ్బలైందని ఆ రోజు నాకు తెలిసింది. మర్నాటి నుంచి గట్టిగానే కొట్టాను.

ఇంతవరకు చెబితే నా తప్పేమీ లేనట్లే ఉంటుంది. వాడి మేలు కోసమే కొట్టానని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. అసలు సంగతి ఏమిటంటే, రెండు మూడు వారాలయ్యాక నాకు ఆ పని బాగా నచ్చింది. ఇంట్లో వాడు మొదటి బిడ్డ. మాంసం వండితే మంచి ముక్క వాడికి, కొత్త చొక్కా వాడికి, ఫ్యాక్టరీ పెద్దమనిషి మాట వాడికోసం. నేను ఎంత బాగా చదివినా "ఆడపిల్ల, ఎట్లో చదువుకుంటుందిలే" అని వదిలేసేవాళ్ళు. ఆ గదిలో మాత్రం నేను లేచి నడిచి వెళితే వాడు తల వంచి నిలబడేవాడు. వాడు నాకంటే పొడుగు. ముక్కు అందడానికి వీలుగా తనే కొంచెం వంగేవాడు. సారు ఫార్ములా అడుగుతుంటే నేను మనసులో వాడికి రాకూడదని కోరుకునేదాన్ని. వాడు తడబడుతుంటే నా అరచెయ్యి ముందే వేడెక్కేది.

ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు మేము ఆ సంగతి మాట్లాడుకునేవాళ్ళం కాదు. మార్కెట్ అప్పుడప్పుడే తెరిచేది, తోపుడు బండ్లవాళ్ళు మూటలు దించుతుండేవాళ్ళు. వాడు ముందు నడిచి నాకు దారి చేసేవాడు. నేను వెనక వస్తూ వాడి ఎడమ చెవి ఎంత ఎర్రగా ఉందో చూసుకునేదాన్ని.

శనివారాలు సారు వరస తిరగేసేవాడు. ప్రశ్న ఆడపిల్లల వైపు నుంచి మగపిల్లల వైపు పోయేది. నాకు రాకపోతే మా అన్నకు పోవాలి. కానీ నాకు రాకపోవడమన్నది లేదు కాబట్టి అలా ఎప్పుడూ జరగలేదు. పరీక్షకు ఇంకా రెండు వారాలు ఉన్నాయనగా ఒకసారి జరిగింది.

రూట్ ఆఫ్ ఎ స్క్వేర్ మైనస్ ఎక్స్ స్క్వేర్‌కు ఇంటిగ్రల్ అడిగాడు. అలాంటివి మూడు ఉన్నాయి, చూడ్డానికి అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. రెండింటికి చివర లాగ్ వస్తుంది, ఒకదానికి సైన్ ఇన్వర్స్ వస్తుంది. నిద్ర చాలలేదో, పొగరెక్కువైందో, సైన్ ఇన్వర్స్ రావాల్సిన చోట లాగ్ చెప్పేశాను. నోట్లోంచి వచ్చాక తప్పని తెలిసింది. సారు తల అడ్డంగా ఊపి, నన్ను నిలబడమని, అన్న వైపు తిరిగాడు.

అన్నకు ఆ జవాబు తెలుసు. ఆ ఒక్కటీ వాడికి కచ్చితంగా తెలుసని నాకూ తెలుసు. ముందు రోజు సాయంత్రమే వాడు దాన్ని ఎక్స్ ఈక్వల్స్ ఎ సైన్ తీటా అని పెట్టి, మొదటి నుంచీ తనే రాబట్టి నాకు చూపించాడు. ఇప్పుడు వాడు లేచి నిలబడి, నా వైపు ఒకసారి చూసి, "తెలీదు సార్" అన్నాడు.

చెప్పి ఉంటే నన్ను కొట్టాల్సి వచ్చేది. అందుకే చెప్పలేదు. గదిలో ఉన్న అందరికీ అది అర్థమైంది. పక్క వరసలో ఎవడో మెల్లగా నవ్వాడు. సారు కాఫీ ఒక గుక్క తాగి, "చూడండప్పా, ఫస్టు వచ్చేదానికి ఫెయిలైనోడు దానం చేస్తా ఉండాడు" అన్నాడు. గదంతా నవ్వింది. తర్వాతివాడు జవాబు చెప్పి అన్నను కొట్టాడు. నన్ను కొట్టడానికి సారు ఏరి కోరి, నా చేతి దెబ్బలు అందరికంటే ఎక్కువ తిన్న పిల్లను లేపాడు. ఆ పిల్ల తన బాకీలన్నీ ఒక్క దెబ్బలో తీర్చుకుంది.

వేరే ఎవరైనా అయితే ఆ రోజు అన్నను చూసి కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళేమో. నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. దెబ్బకు కాదు. వాడు నా మీద దయ చూపించాడు. జాలి పడడం, పడకపోవడం అన్నది ఆ గదిలో నా చేతిలో ఉండే సంగతి. ఏ ఫార్ములా గుర్తుండని వాడు, రోజూ నా ముందు వంగే వాడు, అందరి ముందూ నాకంటే పెద్దవాడైపోయాడు. సోమవారం వాడికి మళ్ళీ ఒకటి తప్పింది. నా బలమంతా పెట్టి కొట్టాను. సారు కూడా "చాలమ్మా" అన్నాడు.

పరీక్ష రోజు వచ్చింది. నా సెంటర్ మల్లేశ్వరంలో, వాడిది జయనగర్‌లో. దూరం కాబట్టి వాడు ముందు బయల్దేరాడు. అమ్మ పెరుగు చక్కెర నోట్లో పెట్టింది. వాడు గడప దగ్గర కూర్చుని చెప్పులు వేసుకుంటూ నా వైపు తల ఎత్తాడు.

"ఏమే, టాన్ ఎక్స్ ఇంటిగ్రల్ లాగ్ సెక్కా, లాగ్ కాసా? బేగ చెప్పు, బస్సు పోతాది."

జవాబు లాగ్ సెక్. లాగ్ కాస్ అంటే ముందు మైనస్ ఉండాలి, లేకపోతే తప్పు. ఇది నాకు నిద్రలో లేపి అడిగినా తెలుసు.

"లాగ్ కాస్" అన్నాను.

నోరు జారలేదు. తొందరలో తప్పు రాలేదు. వాడి మొహం చూస్తూ, ఆలోచించి, చెప్పాను. మైనస్ సంగతి చెప్పలేదు. వాడు నోట్లో రెండుసార్లు అనుకుని, "సరే, నువ్వు బాగా రాయి" అని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నేను నిమ్మళంగా జడ వేసుకున్నాను.

పేపర్లో టాన్ ఎక్స్ వచ్చింది. ఐదు మార్కుల లెక్క మధ్యలో దాని ఇంటిగ్రల్ రాసి తీరాలి. దాన్ని చూడగానే జయనగర్‌లో వాడు ఏం రాస్తుంటాడోనన్న ఆలోచన వచ్చిన మాట నిజం. అయినా పెన్ను ఆగలేదు.

సాయంత్రం అన్న ఇంటికి వచ్చి, పరీక్షకు ఆలస్యంగా వెళ్ళానని చెప్పాడు. మొదటి అరగంట దాటితే లోపలికి రానివ్వరు. ఆ అరగంట అయిపోయే నిమిషంలో చేరి, బతిమాలుకుని వెళ్ళాడట. ఎందుకు ఆలస్యమైందని నాన్న అడిగాడు. "బస్సు దొరకలేదు" అన్నాడు. అంత ముందుగా బయల్దేరినవాడికి బస్సు ఎందుకు దొరకలేదని నాన్న మళ్ళీ అడిగాడు. వాడు నేల చూస్తూ నిలబడ్డాడు. నాన్న అంగడి నుంచి తెచ్చుకున్న ఇనుప గజం బద్ద గోడకు ఆనించి ఉండేది. దాంతో వాడి కాళ్ళ మీద నాలుగు వేశాడు. అంతకు ముందు నాన్న మమ్మల్ని కొట్టింది లేదు. నేను పక్క గదిలోంచి, "పరీక్ష రోజు కూడా నిద్రలో నడుస్తా పోతే అంతే" అన్నాను. అందరికీ వినబడేలా అన్నాను.

ఫలితాలు వచ్చాయి. పాసవ్వడానికి ముప్ఫై ఐదు కావాలి, వాడికి ముప్ఫై ఒకటి వచ్చాయి. నాకు తొంభై ఎనిమిది. ఇంకొకసారి రాస్తానని వాడు అడిగితే నాన్న వినలేదు. ఆ నెలలోనే బొమ్మసంద్రలో హెల్పర్‌గా చేరాడు.

ఆ నాలుగు మార్కులు నేను తీసేసినవే అని చాలా ఏళ్ళు నమ్మాను. టాన్ ఎక్స్ లెక్క ఐదు మార్కులు. సరిగ్గా చేసి ఉంటే ముప్ఫై ఆరు. బాధ ఉండేది, లేదని కాదు. ఆ బాధ అడుగున మాత్రం, ఒక మనిషి బతుకును ఒక్క మాటతో తిప్పేశానన్న గర్వం లాంటిది కూడా కొంచెం ఉండేది. ఇది ఎవరికీ చెప్పలేదు, ఇక్కడే రాస్తున్నాను.

నేను లెక్కల్లో పీజీ చేసి పీయూ కాలేజీలో లెక్చరర్‌నయ్యాను. సర్జాపుర రోడ్డులో కొత్త అపార్టుమెంట్లు లేస్తున్న రోజుల్లో అక్కడొక ఫ్లాట్‌కు మారాను. పిల్లల్ని కొట్టను. వేరే పద్ధతులు నేర్చుకున్నాను. మార్కులు తక్కువ వచ్చినవాళ్ళ పేపర్లు పైకి చదివి వినిపిస్తాను. నా క్లాసంటే పిల్లలు వణుకుతారని ప్రిన్సిపాల్ మెచ్చుకుంటాడు.

అన్న అప్పటికి పదేళ్ళుగా ఫ్యాక్టరీలో, రేకుల్ని అచ్చుల కింద నొక్కే ప్రెస్ షాపులో రేకులు మోస్తున్నాడు. పెళ్ళైంది, ఇద్దరు పిల్లలు. ఎడమ చెవి సరిగ్గా వినబడదు. మెషీన్ల మోత వల్ల అని డాక్టర్ చెప్పాడు. నేను డాక్టర్ మాటే నమ్మాను.

ఒక ఆదివారం వాడు మా ఫ్లాట్‌కు వచ్చి, సోఫా అంచున కూర్చుని చెప్పాడు. ఫ్యాక్టరీలో కొత్త మేనేజర్ వచ్చాడు, పీయూసీ పాసైన హెల్పర్లను ఆపరేటర్లుగా తీసుకుంటానన్నాడు. మిగిలిపోయిన ఒక్క పేపరు మళ్ళీ రాసుకోవచ్చని ఎవరో చెప్పారు.

"నువ్వు నేర్పిస్తే రాస్తా. లేకుంటే ఇంగ ఈ జన్మకు లేదు" అన్నాడు.

ఒప్పుకున్నాను. అప్పు తీరుతుందనుకున్నాను.

నాలుగు నెలలు ప్రతి ఆదివారం వచ్చాడు. నేను వాడి కుడి పక్కన కూర్చుని గట్టిగా చెప్పేదాన్ని. ఫార్ములాలన్నీ తుడుచుకుపోయాయి. కాస్ టూ ఎ కూడా గుర్తులేదు. కానీ లెక్క ముందు పెడితే పదేళ్ళ కిందటి చెయ్యే అది. ఎక్కడ ఏం పెట్టాలో, దేన్ని విడదీయాలో, ఏది తిరిగొస్తుందో అన్నీ ఉన్నాయి. రేకులు పట్టి బిరుసెక్కిన వేళ్ళతో పెన్సిల్ పట్టుకుని, ఫార్ములా గుర్తు రాకపోతే పక్కన కాగితం మీద దాన్ని మొదటి నుంచీ రాబట్టుకునేవాడు. "పేరు మర్చిపోయినా దావ గుర్తుండాది" అనేవాడు. ఆ రోజుల్లో వాడికి ఎవరూ అడ్డు తగలకుండా ఉంటే వాడు పాసవ్వడం పెద్ద సంగతే కాదని ఒక లెక్చరర్‌గా నాకు అర్థమైంది. అది అర్థమవడం నాకు ఇష్టం లేకపోయింది.

పరీక్ష ముందు చివరి ఆదివారం. ఇంటిగ్రల్స్ అన్నీ ఒకసారి వరసగా అడుగుతున్నాను. టాన్ ఎక్స్ అడిగాను. "లాగ్ సెక్" అని వెంటనే చెప్పి నవ్వాడు.

"ఇది నువ్వు ఒగసారి తప్పు చెప్పినావు. గుర్తుండాదా?"

గుర్తు లేదన్నాను.

"ఉండదులే. ఆ పొద్దు పరీక్షకు పోతా అడిగినా, నువ్వు లాగ్ కాస్ అన్నావు. బస్సులో కూర్చోని సుమ్నే, ఊరికే, డిఫరెన్షియేట్ చేసి చూసినా. మైనస్ టాన్ వస్తా ఉండాది. రెండు తూర్లు చేసినా, అంతే. అయ్యో, ఇది మర్చిపోయిందే, హాల్లో ఇట్లే రాసేస్తాదే అనుకున్నా. నాది ఎట్లున్నా ఒకటే, నీకు ర్యాంకు పోతాది కదా. లాల్‌బాగ్ కాడ దిగేసినా."

నేను పుస్తకం మీద వేలు పెట్టి కూర్చున్నాను.

"ఇంటికి వచ్చేలోపల నువ్వు బయల్దేరి ఉంటావని, ఇంగో బస్సు పట్టుకోని మల్లేశ్వరం పోయినా. అప్పటికే లోపలికి పంపే మొదటి బెల్లు కొట్టేసినారు. గేటు కాడ వాచ్‌మెన్‌ను అడిగినా, మా చెల్లెలు లోపల ఉండాది, ఒక్క మాట చెప్పల్ల అని. వాడు నేను చీటీలు అందించేదానికి వచ్చినా అనుకోని తరిమినాడు. మళ్ళా జయనగర్ పోయేసరికి ఆ గతి అయింది. టాన్ ఎక్స్ లెక్క సరిగ్గానే చేసినా. మిగిలింది రాసేదానికి టైము చాల్లేదు."

కింద ఎక్కడో కాంక్రీట్ కలిపే మెషీన్ తిరుగుతోంది. పదేళ్ళుగా నేను మోసిన లెక్క తప్పు. నా అబద్ధం వాడినేమీ చెయ్యలేదు, వాడు బస్సులోనే దాన్ని పట్టుకున్నాడు. నేను అబద్ధం చెప్పగలనని మాత్రం వాడికి తోచలేదు. అదొక్కటి తోచి ఉంటే వాడు బస్సు దిగేవాడు కాదు.

"నాయనకు చెప్పొచ్చు కదా. అన్ని దెబ్బలు తింటివి" అన్నాను. నా గొంతు మామూలుగానే వచ్చింది.

"నీ వల్ల అని చెప్తే నిన్ను తిడతాడు. నువ్వేమో బాగా రాసినానని వచ్చి కూర్చోనుండావు." పెన్సిల్ కొన చెక్కుకున్నాడు. "అది కూడా కాదులే. ఫెయిలైనోడు పోయి ఫస్టు వచ్చేదానికి తప్పు దిద్దేకి పోయినాడంట అని నువ్వు నగుతావు అనుకున్నా. నువ్వు నగితే నాకు భరించేకి అయ్యేది లేదు ఆ కాలంలో."

నవ్వేదాన్నే. అందులో అనుమానం లేదు.

"మరి హాల్లో ఎట్ల సరి చేసుకున్నావే?" అని అడిగాడు. పదేళ్ళుగా ఆ సందేహం ఉన్నట్లుంది, నిజంగా తెలుసుకోవాలని అడిగాడు.

చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. మూడు రోజుల్లో వాడికి పరీక్ష, ఇప్పుడు మనసు పాడు చెయ్యకూడదు అని ఒక సాకు కూడా చేతికి అందింది. సాకు దొరికినందుకు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

"హాల్లో కూర్చున్నాక గుర్తొచ్చింది" అన్నాను.

"అదే అనుకున్నా. నీకు అంత సులభంగా పోతాదా" అన్నాడు. వాడి మొహంలో నిజమైన సంతోషం. తర్వాతి ఇంటిగ్రల్ అడిగాను. వాడు చెప్పాడు.

అరవై రెండు మార్కులతో పాసయ్యాడు. పరీక్ష అయిపోయింది కాబట్టి నా సాకు కూడా అయిపోయింది. అయినా చెప్పలేదు. వాడు ఆపరేటర్ అయ్యాక ఒక పొద్దున భార్యనూ పిల్లలనూ తీసుకుని మా ఫ్లాట్‌కు వచ్చాడు. వదిన పళ్ళెంలో చీర, ఆకూ వక్కా, పళ్ళూ పెట్టి పట్టుకుంది. అది ఆడపడుచుకు పెట్టే సారె అనుకుని చెయ్యి చాచాను. అన్న ఆగమన్నాడు. "ఇది చెల్లెలికి కాదు, గురువుకు" అన్నాడు. పిల్లలిద్దరి చేత నా కాళ్ళకు మొక్కించాడు. వాళ్ళు లేచాక తనే ముందుకు వచ్చి వంగాడు.

పెద్దవాడు చిన్నదాని కాళ్ళు ముట్టకూడదు. అన్న వంగుతుంటే చెల్లెలు గబుక్కున వెనక్కి జరిగి, భుజాలు పట్టుకుని లేపాలి. మా ఇళ్ళలో పుట్టిన ఎవరికైనా అది నేర్పకుండానే వస్తుంది. వదిన నేను ఆపుతానని నా వైపు చూసింది. పిల్లలు కూడా చూశారు.

నేను కదల్లేదు. వాడి చేతులు నా పాదాల మీద ఆనేదాకా నిలబడి, వాడి తల మీద చెయ్యి పెట్టి దీవించాను.